బొబ్బిలి దగ్గర రెండు సెంట్ల పెరడు: ఏడాదంతా కూరగాయలు రావాలంటే ఏ నెలలో ఏం వేయాలి?

గరువుపెరడు:
ఇంటి వెనక రెండు సెంట్ల ఖాళీ ఉందండి. ఎర్ర గరువు నేల, నీరు నిలవదు. బోరు ఏప్రిల్ దాకా బాగానే పోస్తుంది, మేలో సన్నబడుతుంది. నెట్‌లో దొరికే చలిదేశాల పట్టికలు చూస్తే, టమాటా విత్తనం మార్చిలో ఇంట్లో మొలకెత్తించి మేలో బయట నాటమంటున్నాయి. ఇక్కడ అలా చేస్తే పూతంతా రాలిపోతోంది. మన వైపు పట్టిక ఎలా వేసుకోవాలి? బీర పిందెలు వేలెడు పెరిగి పసుపెక్కి రాలడానికి కారణం కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళిగట్టు:
ఆ పట్టికలు మొక్కను చంపే గడ్డమంచుని బట్టి కట్టినవండి. అక్కడ వసంతంలో ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో చూసుకుని, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు టమాటా నారు పోస్తారు. మనకి ఆ గండం లేదు. మనవి వేరే రెండు గండాలు: అక్టోబరు గాలివాన, ఏప్రిల్ ఎండ. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. వాళ్ల తేదీలు వదిలేసి, వెనక్కి లెక్కపెట్టే పద్ధతి మాత్రం తీసుకోండి.

టమాటానే చూడండి. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత నిలవదు. కాబట్టి కాపు మార్చి సగానికి ముగియాలి. కాపు రెండు నెలలు, నాటిన దగ్గర్నుంచి తొలికోతకి 65-70 రోజులు, నారు వయసు 25-30 రోజులు. వెనక్కి లెక్కిస్తే హస్త కార్తె చివర్లో (అక్టోబరు 10 ప్రాంతంలో) నారు పోయాలి, విశాఖ కార్తె మొదట్లో (నవంబరు 6 ప్రాంతంలో) నాటాలి. తుపాను వచ్చే రోజుల్లో మొక్క ఇంకా నారుమడిలోనే ఉంటుంది, పైన కప్పి కాపాడుకోవచ్చు.

స్థలాన్ని నాలుగు చెక్కలు చేయండి. ఒకటి వంగ, టమాటా, మిరపకి. ఒకటి బీర, ఆనప, కాకర, దోసకి. ఒకటి గోరుచిక్కుడు, బొబ్బర్లకి. ఇంకోటి ఆకుకూరలు, ముల్లంగి, క్యాబేజీకి. బెండ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఏటా ఒక చెక్క ముందుకి జరపండి. టమాటా తీసిన చోట వంగ మాత్రం వద్దు. రెండింటినీ చంపే బాక్టీరియా వడలు తెగులు మట్టిలోనే ఉండిపోతుంది. ఆకు పచ్చగా ఉండగానే మొక్క వాలిపోతే మొదలు దగ్గర కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టండి. తెల్లటి జిగురు దారంలా దిగితే అదే తెగులు. మందు కొట్టి లాభం లేదు, పీకి తగలబెట్టాలి.

మృగశిర వానలకి (జూన్‌లో) బెండ, గోంగూర, తీగజాతులు పెట్టండి, వంగ నారు పోయండి. బెండకి వరుసల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు. ఎండాకాలపు బెండకి గింజ పెట్టడం ఫిబ్రవరి దాటించకండి: ఆలస్యమైన కొద్దీ తెల్లదోమ పెరిగి ఆకు ఈనెలు పసుపెక్కుతాయి. అర్క అనామిక అనే బెండ రకం ఈ తెగులుని కొంతవరకు తట్టుకుంటుంది. మీ బోరు సంగతి చూస్తే మేలో తోటకూర, బచ్చలితో సరిపెట్టుకోవడం మేలు. మొదళ్లలో మూడంగుళాల మందాన వరిగడ్డి పరవండి.

సెంటుకి వంద కిలోల చివికిన గత్తం (పశువుల ఎరువు) వేసి కలియదున్నాలి. పచ్చిగత్తం వేస్తే చెదలు పడతాయి.

చంపావతి:
పైన చెప్పిన లెక్క సరైనదే. నారుమడి గురించి నాలుగు మాటలు. మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గింజలు వెదజల్లకుండా వేలితో గీత గీసి సెంటీమీటరు లోతున పలచగా వేయండి. ఒత్తుగా పోస్తే మొదళ్ల దగ్గర గాలాడక నారుకుళ్లు వస్తుంది. వస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు కలిపి మడి తడపండి. ట్రైకోడెర్మా వాడిన మడిలో వెంటనే ఇది పోస్తే ఆ మేలుచేసే బూజు దెబ్బతింటుంది, రెంటిలో ఒకటి ఎంచుకోండి.

కాలీఫ్లవర్ విత్తనం కొనేటప్పుడు రకం అడగండి. స్నోబాల్ రకాలకి పువ్వు కట్టడానికి 10-16 డిగ్రీల చలి కావాలి, మన మైదానాల్లో ఆకు తప్ప పువ్వు సరిగా రాదు. పూసా దీపాలి లాంటి తొలికాలపు రకం తీసుకుని సెప్టెంబరు ఆఖర్లో నారు పోయండి. ముదిరిన నారు నాటితే గుండీలంత పువ్వుతో ఆగిపోతుంది.

పాదులపందిరి:
బీర సంగతి: రాలిన పిందె చీల్చి చూడండి. లోపల తెల్లపురుగులుంటే పండుఈగ. శుభ్రంగా ఉండి కొస నుంచి వాడితే ఆడపువ్వుకి పుప్పొడి అందలేదని అర్థం. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దున్న చేత్తో అద్దితే ఫలితముండదు. చీకటిపడే వేళ మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో అద్దండి. కాకర, దోస, గుమ్మడికి మాత్రం తెల్లవారగానే. మొదట్లో మగపువ్వులే వస్తాయి, కంగారు పడక్కర్లేదు. యూరియా ఎక్కువైతే ఆ దశ ఇంకా సాగుతుంది.

ఈగకైతే క్యూలూర్ అనే వాసన ఎర కట్టండి, కానీ అది మగ ఈగల్నే పట్టుకుంటుంది. రాలిన పిందెలు రోజూ ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టకపోతే అందులోంచే మళ్లీ ఈగలు పుడతాయి.

గరువుపెరడు:
చాలా స్పష్టంగా చెప్పారండి. పందిరి చిక్కుడు జూన్‌లోనే పెట్టేయొచ్చా?

పాదులపందిరి:
పెట్టొచ్చు కానీ లాభం లేదండి. పగటిపొద్దు తగ్గితే గాని పాతరకం చిక్కుడు పూతకి రాదు, అప్పటిదాకా ఊరికే తీగ పెరిగి గాలికి బరువవుతుంది. ఆగస్టు మొదట్లో గింజ పెడితే చాలు, నవంబరుకి పూతకొస్తుంది. పందిరి చెక్కకి ఉత్తరం వైపు వేయండి, చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలినా నీడ పక్క మొక్కల మీద పడదు. ఎత్తు అయిదడుగులు దాటనివ్వకండి. సరుగుడు గుంజలు రెండడుగులు పాతి, నాలుగు మూలలా తీగతో మేకులకి లాగి కట్టండి.