1997లో బ్రిటన్ యువరాణి డయానా చనిపోయిన వారం లండన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం అండీ. 1997 ఆగస్టు 31న పారిస్‌లో కారు ప్రమాదంలో డయానా చనిపోయాక బ్రిటన్ జనం ఎలా స్పందించారో ఒక వ్యాసం రాస్తున్నాను. అప్పుడు అక్కడున్న తెలుగువాళ్ల జ్ఞాపకాలు కావాలి.

అచ్చులో వచ్చినవి చాలానే చదివాను. డయానా నివాసమైన కెన్సింగ్టన్ ప్యాలెస్ గేట్ల ముందు ప్లాస్టిక్ చుట్టు కూడా విప్పకుండా పేర్చిన పూలగుత్తులు, మధ్యమధ్య టెడ్డీ బొమ్మలు, చేత్తో రాసిన చీటీలు. ఎలిజబెత్ రాణి స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోటలోనే ఉండిపోయారనీ, బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద జెండా సగానికి దించి ఎగరేయలేదనీ జనానికి కోపం. సెప్టెంబర్ 5న ఆమె టీవీలో లైవ్‌గా మాట్లాడాక అది కొంత చల్లారింది. మర్నాడు అంత్యక్రియల్లో డయానా తమ్ముడు స్పెన్సర్ ప్రసంగం ముగియగానే బయట మొదలైన చప్పట్లు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చి లోపలికీ పాకాయి. ఆ ఘట్టం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

కానీ దేశమంతా ఏడ్చిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇదంతా మరీ ఎక్కువనిపించినవాళ్లు ఆ మాట పైకి అనగలిగారా? మీ ఆఫీసులో, బస్సులో, పక్కింట్లో వాతావరణం ఎలా ఉండేది? ముక్కూమొహం తెలియనివాళ్లు మీ ముందు ఏడిస్తే ఏం చేశారు? సెప్టెంబర్ 5నే కోల్‌కతాలో మదర్ థెరిసా కూడా పోయారు కదా, లండన్‌లోని మనవాళ్ల ఇళ్లల్లో ఎవరి గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు?

చిన్న సంగతైనా సరే, దయచేసి రాయండి. పేరు వద్దంటే వేయను.