పసిబిడ్డ తూకాలన్నీ గుండు అంకెలే: కొత్త ఆశాలకు మళ్లీ శిక్షణ ఎట్లా?

ప్రశ్న:
ఆలూరు వైపు ఆరోగ్య సబ్‌సెంటర్. ఆరుగురు ఆశాలు, ఇద్దరు కొత్తవాళ్లు, పరిధిలో ఒక తండా. రిజిస్టర్‌లో ఇంటి సందర్శనలు నిండుగా ఉన్నాయి గానీ పసిబిడ్డల తూకాలన్నీ 2.5, 2.8, 3.0 అని ఉజ్జాయింపు గుండు అంకెలే. ఎక్కడ మొదలుపెట్టాలి? తండాకు వేరే ఆశాను అడిగితే వెయ్యి జనాభా లేదంటున్నారు.

జవాబు 1:
త్రాసు ఎత్తకుండా ఒళ్లో పట్టుకుని అంచనా కట్టారన్నమాట. ఇది క్లాసులో చెప్తే పోదు మేడం. ఇసుకతో 1.9, 2.3, 2.6 కిలోల మూటలు కట్టి, బరువు చెప్పకుండా తూయించండి. ముందు ఖాళీ జోలె తగిలించి ముల్లు సున్నాకు తేవాలి. జోలె లేకుండా సున్నా పెడితే దాని బరువూ బిడ్డ లెక్కలో పడుతుంది. ముల్లు కంటికి ఎదురుగా ఉండాలి. త్రాసు మీద రెండు కిలోల లోపు ఎరుపు, అక్కడి నుంచి రెండున్నర లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. 2.45ను 2.5 అని రాస్తే పసుపు (తక్కువ బరువు) బిడ్డ ఆకుపచ్చ అయిపోతుంది, ఎవరూ పట్టించుకోరు.

జవాబు 2:
శ్వాస లెక్క కూడా చూడండి. 15 సెకన్లు లెక్కేసి నాలుగుతో హెచ్చిస్తారు. పసిబిడ్డ ఊపిరి ఒక్కతీరుగా ఉండదు, నిమిషం నిండా లెక్కపెట్టాల్సిందే. 60 గానీ ఆపైన గానీ వస్తే మళ్లీ లెక్కించాలి, రెండోసారీ అంతే ఉంటే ఆస్పత్రికి పంపాలి. పాలు తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు లెక్క పనికిరాదు.

జవాబు 3:
మూటలు మంచివే, కానీ రోగం అది కాదప్పా. ఆస్పత్రి కాన్పుకు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బిడ్డ ఇంటికి ఆరుసార్లు పోవాలి. బాలింత పుట్టింట్లో, పేరు అత్తగారి ఊరి ఆశా దగ్గర. లేదా ఇల్లంతా సుగ్గికి (వలస కూలికి), గుంటూరు వైపు మిరప కోతకు. గడి ఖాళీగా ఉంటే తిడతారని 28వ రోజు తూకం కల్పించి రాస్తారు. 'వలస', 'పుట్టింట్లో' అని రాయనివ్వండి, పుట్టింటి ఊరి ఆశాకు ఫోన్ చేయించండి. గుండు అంకెలు సగం అక్కడే తగ్గుతాయి.

తండా సంగతి: వెయ్యి అనేది మామూలు లెక్క. గిరిజన, కొండ ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరిని పెట్టుకునే వీలు మార్గదర్శకాల్లోనే ఉంది. ఇళ్ల జాబితా, ఊరి నుంచి దూరం, ఏడాది కాన్పుల సంఖ్య జతచేసి అర్జీ పెట్టండి. తండాకు కోడలిగా వచ్చి సుగాలీ మాట్లాడే ఆమె అయితే మేలు. పెళ్లికాని పిల్లను తీసుకుంటే పెళ్లయి వెళ్లిపోతుంది, శిక్షణ మళ్లీ మొదటికి.

ప్రశ్న అడిగినవారు:
ఇసుక మూటల బరువు సరిగ్గా ఉందని ఎట్లా తెలుస్తుంది?

జవాబు 1:
కిరాణా అంగడి ఎలక్ట్రానిక్ కాటా మీద తూయండి. ఇసుక ఎండినదై ఉండాలి, తడి ఆరితే బరువు తగ్గుతుంది.