అబ్బాయికి ‘అప్పన్న’ అని పేరు పెట్టవచ్చా? అసలు ఈ పేరు ఎక్కడిది?

మధురవాడ నాన్న:
ఈ మధ్యనే మాకు బాబు పుట్టాడు. వచ్చే వారం బారసాల. బిడ్డ క్షేమంగా పుట్టాలని మా అమ్మగారు సింహాచలం స్వామికి మొక్కుకున్నారు కనుక ఆ స్వామి పేరే పెట్టాలని పట్టుబడుతున్నారు. నా భార్య కాదనడం లేదు గానీ, ‘అప్పన్న’ అంటే రేపు బడిలో తోటి పిల్లలు ఆట పట్టిస్తారేమోనని సందేహిస్తోంది. ఈ పేరుకు అర్థమేమిటో, ఇది మన ఉత్తరాంధ్రకే పరిమితమో, ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారో తెలిసినవారు చెప్పగలరు.

గోపాలపట్నం వాసి:
నమస్కారం. ‘అప్ప’ అనేది తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడింటిలోనూ తండ్రికి ఉన్న పాత మాట. దానికి మగవారి పేర్ల చివర గౌరవార్థం చేరే ‘అన్న’ కలిసి అప్పన్న అయింది. తిక్కన్న, పోతన్న అన్న పేర్లలో ఉన్నదీ ఈ అన్నే. మన పల్లెల్లో అప్ప అంటే అక్క అని కూడా అర్థం కాబట్టి బయటి జిల్లాలవారు తికమకపడవచ్చు గానీ, స్వామి విషయంలో తండ్రి అన్న అర్థమే పొసగుతుంది. అర్చకులు చదివే సంకల్పంలో ఆయన శ్రీ వరాహ లక్ష్మీనృసింహ స్వామి; ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ దిగువన మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరి ప్రదక్షిణకు కదిలే జనానికి మాత్రం సింహాద్రి అప్పన్నే.

ఆ గుడి శాసనాల్లో పాతది కులోత్తుంగ చోళుని కాలానిది, అంటే 11వ శతాబ్దం చివరిది. 13వ శతాబ్దంలో గంగరాజు నరసింహదేవుని హయాంలో గుడిని పెద్దగా కట్టారు. అన్ని వందల ఏళ్లుగా కొలుస్తున్న దేవుడు కాబట్టే ఒక్క అప్పన్నతో ఆగకుండా అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య, సింహాద్రి, వరహాలు అంటూ పేర్లు శాఖోపశాఖలుగా పెరిగాయి. ఆడపిల్లలకు అప్పలనర్సమ్మ, వరహాలమ్మ ఉన్నాయి. సింహాచలం అన్న పేరైతే ఆడవారికీ, మగవారికీ కూడా ఉంది. మా తాతగారి తరంలో అన్నదమ్ములిద్దరికీ అప్పన్న అనే పేరు పెట్టి, ఒకరిని పెదప్పన్న అని, మరొకరిని చినప్పన్న అని పిలిచేవారు. మొక్కు మొక్కే, పేరు పేరే!

విజయనగరం కోడలు:
పై వివరణ బాగుంది గానీ, ‘అప్ప’ కనిపించిన ప్రతి పేరునూ సింహాచలానికి ముడిపెట్టడం సరికాదు. నూజివీడు జమీందార్ల వంశంలో అప్పారావు అన్న పేరు తరతరాలుగా ఉంది. రాయలసీమలో తిమ్మప్పలు కోకొల్లలు. కృష్ణదేవరాయలు తన మంత్రి తిమ్మరుసును అప్పాజీ అని పిలిచాడంటారు. ఆ రాయలు సింహాచలం వచ్చి స్వామిని దర్శించుకున్న మాట నిజమే అయినా, ఆ పిలుపుకూ ఈ కొండకూ సంబంధం లేదు. అందుచేత అప్పారావు అని విన్నంత మాత్రాన ఊరు చెప్పలేం. ‘అప్పల’ అని మొదలైతే మాత్రం ఆ మనిషి విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న మూడు పాత జిల్లాల్లో ఎక్కడో ఒకచోటివాడని చాలావరకు ధైర్యంగా చెప్పవచ్చు.

ఇక వాడుక సంగతి. యాభై దాటినవారిలో ఈ పేర్లు ఇప్పటికీ వీధికి ఒకటైనా వినిపిస్తాయి. బడి పిల్లల హాజరుపట్టీలో వెతుక్కోవలసిందే. భక్తి తగ్గి ఇలా జరిగిందని నేను అనుకోను. స్వామి మీది చందనం తీసే చందనోత్సవం నాడు నిజరూప దర్శనానికి నిలబడే వరుసలను చూస్తే ఆ అనుమానం ఎవరికీ రాదు. సినిమాల్లో నౌకరుకో, అమాయకుడికో ఈ పేర్లు తగిలించి నవ్వించడం వల్ల చదువుకున్నవారు వీటికి దూరమయ్యారని నా అభిప్రాయం. మీ ఆవిడ భయం కూడా అక్కడిదే.

మాధవధార మాస్టారు:
మీ అమ్మగారి మొక్కు చెల్లాలి, బాబుకు ఇబ్బంది రాకూడదు అనుకుంటే, బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో మొదట అప్పన్న అని రాయించి, వ్యవహారంలో సింహాద్రి అనో, నరసింహ అనో ఉంచుకోండి. ఇద్దరి మాటా నిలబడుతుంది. నన్నడిగితే అప్పన్న అనే ధైర్యంగా పెట్టేయమంటాను. తరగతిలో అదే పేరు ఇంకొకరికి లేకపోవడం పిల్లవాడికి మేలే.

అయితే కాగితాల దగ్గర జాగ్రత్త. జనన ధ్రువపత్రంలో పేరు లేకుండా నమోదై ఉంటే, పుట్టిన ఏడాది లోపల రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తరువాత అపరాధ రుసుము పడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పేరును ఒకరు ఒంటి ‘ప’తో, మరొకరు జంట ‘ప్ప’తో రాస్తారు కనుక, మీరు మొదట ఖాయం చేసుకున్న వర్ణక్రమాన్నే ఆధార్‌లోనూ బడి రిజిస్టరులోనూ అక్షరం మారకుండా రాయించండి.