మోంటానాకు 30 ఏళ్లు ఒకే సీటు: అన్యాయమా, లెక్క ప్రకారమేనా?

గోదారి గట్టు:
మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. అమెరికాలో మోంటానా ఒక్కటే 3.8 లక్షలు. అంత రాష్ట్రం తరఫున 1993 నుంచి 2023 దాకా ప్రతినిధుల సభలో ఒక్కరే సభ్యుడు. అంతకుముందు ఇద్దరుండేవారు, 1990 జనాభా లెక్కలతో ఒక సీటు పోయింది. దేశంలో సగటున 5.72 లక్షల మందికి ఒక సీటు, మోంటానాలో 8.03 లక్షలకు ఒకటి! పక్కనే వయోమింగ్‌లో నాలుగున్నర లక్షలకే ఒకటి. ఇది అన్యాయం కాక మరేంటి?

లెక్కల మాస్టారు:
ఎకరాలకు ఓట్లుండవండీ, విస్తీర్ణం వదిలేయండి. రెండిస్తే ఒక్కోదానికి 4.02 లక్షలే. తీసివేత చేస్తే రెండే సగటుకు దగ్గర, ఒప్పుకుంటాను. కానీ 1941 నుంచి చట్టంలో ఉన్న పద్ధతి నిష్పత్తి చూస్తుంది, ఒకటికి దగ్గరున్నదే నెగ్గుతుంది. 8.03ని 5.72తో భాగిస్తే 1.40. 5.72ని 4.02తో భాగిస్తే 1.42. వెంట్రుకవాసి తేడాతో రెండో సీటు పోయింది. మోంటానా కోర్టుకెళ్లి కింది కోర్టులో గెలిచింది. 1992లో సుప్రీంకోర్టు మాత్రం పద్ధతి ఎంచుకునే అధికారం కాంగ్రెస్‌దేనని ఏకగ్రీవంగా కొట్టేసింది.

సియాటిల్ శీను:
మోంటానా అడిగిన తీసివేత పద్ధతిలో లెక్కేస్తే ఆ సీటు పోయేది మా వాషింగ్టన్ రాష్ట్రానికే, 9 కాస్తా 8 అయ్యేవి. కాబట్టి నేను కోర్టు పక్షం :)

పాలమూరు పిల్ల:
అంకెలు సరే. మోంటానాకి పడమర బ్యూట్ రాగి గనులు, కార్మిక సంఘాలు. తూర్పున గోధుమ చేలు, పశువుల మందలు. ఎవరి ఎంపీ వాళ్లకుండేవాడు. 1992లో సిట్టింగ్ సభ్యులిద్దరూ ఒకే సీటుకు తలపడ్డారు. పడమటి డెమోక్రాట్ పాట్ విలియమ్స్ స్వల్ప తేడాతో రాన్ మార్లెనీని ఓడించాడు. విలియమ్స్ తప్పుకున్నాక 1997 నుంచి ఆ సీటు పూర్తిగా రిపబ్లికన్లదే. పడమటి గనుల ఊళ్ల గొంతు ఎవరు వినిపించారు?

లెక్కల మాస్టారు:
2022లో రెండో సీటు తిరిగొచ్చాక పడమర గెలిచిందెవరమ్మా? రిపబ్లికన్ ర్యాన్ జింకీయే. పైగా రాష్ట్రాన్ని ముక్కలు చేయకపోతే మేలూ ఉంది. 1916లో జెనెట్ ర్యాంకిన్ కాంగ్రెస్‌లో తొలి మహిళ అయింది రాష్ట్రమంతా ఓటేసిన ఎన్నికలోనే. తర్వాత రెండు నియోజకవర్గాలుగా విడగొడితే, రిపబ్లికన్ అయిన ఆమెకు డెమోక్రాట్ల బలమున్న పడమర మిగిలింది. అది వదిలి 1918లో సెనేట్‌కు పోటీ చేసి ఓడింది.

పాలమూరు పిల్ల:
మాస్టారూ, 1916లో రాష్ట్రమంతా కలిపి ఉన్నవి రెండు సీట్లు! ర్యాంకిన్ వచ్చింది రెండో స్థానంలో. ఒకటే సీటైతే ఆవిడ ఇంటికే.

లెక్కల మాస్టారు:
ఆ దెబ్బ తగిలింది, కాదనను. అయినా అసలు తప్పు 1911 చట్టంతో వచ్చిన 435 సీట్ల దగ్గరుంది. అప్పుడు జనం 9 కోట్లు, ఇప్పుడు 33 కోట్లు. సభను పెంచకుండా ఎవరికిచ్చినా ఇంకొకరిది లాక్కోవడమే.

గోదారి గట్టు:
అదే కదా నేననేది! మన లోక్‌సభలో 1971 జనాభా లెక్కల మీదే రాష్ట్రాల వాటాలు ఆపేసిన సంగతి కూడా...

సియాటిల్ శీను:
దానికి వేరే థ్రెడ్ పెట్టండి బ్రదర్. ఇక్కడ మొదలెడితే తెల్లారిపోతుంది.