ఫ్లాజొలే గింజలు తొక్క ఊడకుండా ఉడకాలంటే?

మూకుడు:
ఫ్రాన్స్ వాళ్ల లేతాకుపచ్చ ఫ్లాజొలే గింజలు. రాజ్మాలాగే కుక్కర్లో పెడితే తొక్కలు పైకి తేలి, లోపలి పిండంతా నీళ్లలో కలుస్తోంది. ఎన్ని విజిళ్లు రానివ్వాలి?

పప్పుగుత్తి:
కుక్కరే వద్దండి. ఇవి గింజ పూర్తిగా ముదరకముందే కోసి నీడలో ఆరబెట్టినవి. ఆ పచ్చదనం, పల్చటి తొక్క అందుకే. పావుకిలోకి లీటరు నీళ్లు, 15 గ్రాముల ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు వంపేసి కడిగి, గింజల మీద రెండంగుళాలు నిలిచేలా కొత్త నీళ్లు పోయండి. పది నిమిషాలు బాగా తెర్లనిచ్చి, ఆపైన అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచేంత సన్న మంట. ముప్పావు గంట నుంచి గంటంబావు పడుతుంది; పాత సరుకైతే ఇంకా ఎక్కువే. గరిటె పెట్టకండి, గిన్నె పట్టుకుని కుదపండి. దించాక ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. వేడిమీద వార్చేస్తే తొక్క ఆరి చిట్లుతుంది.

కందిబద్ద:
ముందే ఉప్పేస్తే గింజ ఉడకదంటారు కదా?

పప్పుగుత్తి:
ఉత్తమాట. తొక్కలో జిగురులా ఉండే పెక్టిన్‌ను బిగించి ఉంచేవి కాల్షియం, మెగ్నీషియం. ఉప్పులోని సోడియం వాటి చోట చేరితే తొక్క మెత్తబడి సాగుతుంది. ఉడకనివ్వనిది పులుపు. టమాటా, చింతపండు ఏదైనా గింజ మెత్తబడ్డాకే. వంటసోడా జోలికి పోకండి: గింజ జావవుతుంది, బీ1 విటమిన్ పోతుంది, సబ్బు రుచి అదనం.

గింజలమూట:
ఆ పది నిమిషాల తెర్లు మాత్రం ఎగ్గొట్టొద్దు. రాజ్మా జాతివే కాబట్టి వీటిలోనూ లెక్టిన్ అనే హానిచేసే ప్రోటీన్ ఉంటుంది. సరిగా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు. స్లో కుక్కర్ వేడి దానికి చాలదు, విడిగా మరిగించాకే అందులో వేయాలి.
పోషకాల సంగతి: ఎండు గింజల్లో వంద గ్రాములకు ప్రోటీన్ 20 గ్రాములు దాటుతుంది గానీ, ఉడికి నీళ్లు పీల్చాక అదే వంద గ్రాములకు 8 దరిదాపుల్లోకి వస్తుంది. ప్యాకెట్ మీది అంకె చూసి గిన్నెలోది లెక్కేయకండి. పీచు, ఫోలేట్ (ఒక బీ విటమిన్) దండిగా ఉంటాయి. ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. అన్నంతోనో రొట్టెతోనో తింటే ఆ లోటు తీరుతుంది. ఇనుము ఒంటబట్టాలంటే వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండితే సరి.

మూకుడు:
మసాలా కూరకు పనికొస్తాయా?

కందిబద్ద:
దానికి రాజ్మా ఉందిగా! గరం మసాలా పడితే వీటి రుచి తెలియనే తెలియదు. ఫ్రాన్స్‌లో గొర్రెపిల్ల తొడను రోస్ట్ చేసి, వెన్న, వెల్లుల్లి వేసిన ఈ గింజలతో వడ్డిస్తారు. మాంసం లేకుండానూ బావుంటాయి: వెన్నలో వెల్లుల్లి రంగు మారకముందే గింజలు, ఉడికిన నీళ్లు రెండు గరిటెలు పోసి, ఆ నీళ్లు చిక్కబడగానే దించండి.

గింజలమూట:
డబ్బా గింజలైతే ముందే ఉడికినవి. కడిగి, చివరి ఐదు నిమిషాల్లో వేయండి. డబ్బా నీళ్లలో ఉప్పుంటుంది, రుచి చూశాకే మళ్లీ వేయండి.