అమ్మమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నా, చిన్న మావయ్య సంగతి రాయాలా వద్దా?

దివి మనవరాలు:
మా అమ్మమ్మ పోయి పది నెలలవుతోంది. సంవత్సరీకానికి చుట్టాలందరూ నాగాయలంక దగ్గర మా ఊరు వస్తారు కదా, ఆ రోజు అందరి చేతుల్లో పెట్టడానికి ఆవిడ మీద ముప్పై నలభై పేజీల పుస్తకం వేద్దామని మొదలుపెట్టాను. రాయడానికి కూర్చుంటే గానీ తెలియలేదు, ఆవిడ గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో. 1977కి ముందు ఫోటో ఒక్కటీ లేదు, పెళ్లి ఫోటోతో సహా అన్నీ ఉప్పెనలో పోయాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ 1-1-1947 అని ఉంది, అది ఎవరో ఉజ్జాయింపుగా వేయించింది. ఆవిడ మాత్రం "చిత్రభానులో పుట్టానే, మాఘమాసంలో, రథసప్తమి వెళ్లాక" అనేది.

ఆవిడకి కాలమంతా ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత, అంతే. గేదెని కొన్నదీ, బావి తవ్వించిందీ, మా అమ్మ పెళ్లీ అన్నీ ఆ లెక్కలోనే చెప్పేది. ఆ రాత్రి సంగతి మాత్రం ఎత్తేది కాదు. రెండు చేతులకీ లోపలివైపు, మణికట్టు నుంచి మోచేయి దాకా, తెల్లటి గీతలుండేవి. చిన్నప్పుడు పక్కలో పడుకుని వాటి మీద వేలు పెట్టి రాస్తూ ఏంటివి అని అడిగితే "తాటిచెట్టు గీరిందిలే, పడుకో" అనేది. నాకు ఇరవై ఏళ్లు వచ్చాక అమ్మ చెప్పింది, ఆ రాత్రంతా అమ్మమ్మ తాటిచెట్టుని వాటేసుకుని ఉందని, నాలుగేళ్ల కొడుకు చేతిలోంచి జారిపోయాడని. అమ్మ అప్పుడు చదువుకోసం ఉయ్యూరులో వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉంది కాబట్టి మిగిలింది.

ప్రతి కార్తీకంలో నాగులచవితి అయిన నాలుగైదు రోజులకి అమ్మమ్మ పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. అది సోమవారమూ కాదు, పున్నమీ కాదు, అయినా అదేం ఉపవాసమని మాకు ఎప్పుడూ తట్టలేదు.

ఇప్పుడు ఆ పిల్లాడి సంగతి పుస్తకంలో రాయాలా వద్దా అన్నది తేలక పది రోజులుగా ఒక్క పేజీ ముందుకి కదల్లేదు. మీ ఇళ్లలో ఇలాంటివి ఏం చేశారు?

పాత పంచాంగం:
ముందు తేదీ సంగతి చెప్తాను. చిత్రభాను అంటే 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. మళ్లీ 2002లో వచ్చింది చూడండి, అరవై వెనక్కి వెళ్లండి, సరిపోతుంది. మాఘం ఆ ఏడాది చివర్లో వస్తుంది కాబట్టి మీ అమ్మమ్మగారు పుట్టింది 1943 ఫిబ్రవరిలో. ఆధార్ నాలుగేళ్లు తగ్గించింది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19, శనివారం, పింగళ నామ సంవత్సరం. అప్పటికి ఆవిడకి 34 నిండాయి. ఉపవాసం విషయం చదివాక పంచాంగం తీసి చూశాను, ఆ ఏడు దీపావళి వెళ్లిన వారానికే ఉప్పెన. ఆవిడ తేదీ కాదు, తిథి పట్టుకున్నారు.

కోడూరు రైతు:
చెల్లెమ్మా, మాదీ దివిసీమే. పదివేల మందికి పైగా పోయిన రాత్రి అది, మా ఇంట్లోనే ముగ్గురు. మా నాన్న ఉన్నన్నాళ్లూ వాళ్ల పేర్లు ఎత్తలేదు, ఆయన పోయాక మాకు ఆ పేర్లు చెప్పేవాళ్లే లేకుండా పోయారు. మా చిన్నత్తయ్య పేరు ఏంటో నాకు ఈ రోజుకీ తెలియదు, రేషన్ కార్డులో లేదు, ఎక్కడా లేదు. అందుకే రాయమంటాను. కాకపోతే ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అందరినీ అడగొద్దు, తలో మాటా అంటారు. మీ అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు, చేతిలో ఏదో ఒక పని ఉన్నప్పుడు, పక్కన కూర్చుని అడుగు. ఆ పిల్లాడు ఆవిడకి తోడబుట్టినవాడు, ఆవిడ మాటే చెల్లాలి.

గుంటూరు అక్క:
నాది వేరే మాట, ఏమీ అనుకోకు. మీ అమ్మమ్మ నలభై ఏళ్ల పైన నోరు విప్పకుండా కడుపులో దాచుకున్న సంగతి అది. ఆవిడ లేనప్పుడు అచ్చు వేయించడం నాకు మనసొప్పదు. ఆ రాత్రి వర్ణన మాత్రం వద్దు, పిల్లాడు ఉండేవాడని రాస్తే చాలు.

ఇంకోటి, ఫోటోలు లేవన్నావు కదా, గిన్నెలు చూడు. మనవాళ్లు బిందె కొన్నా చెంబు కొన్నా పేరు కొట్టించేవాళ్లు, ఒక్కోదాని మీద తేదీ కూడా ఉంటుంది. మా నాయనమ్మ పెళ్లి ఏడాది మాకు ఇత్తడి గంగాళం అంచు మీదే దొరికింది. అక్షరాలు అరిగిపోయి ఉంటే కాస్త బియ్యప్పిండి రాసి తుడువు, గీతల్లో పిండి నిలిచి చదవడానికి వస్తుంది. ఫోన్లో ఆవిడ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈ రోజే వేరే చోట కాపీ పెట్టుకో. ఫోన్ మార్చినప్పుడు మా అమ్మవి పోగొట్టుకున్నాను, ఆ బాధ చెప్పలేను.

దివి మనవరాలు:
అందరికీ దణ్ణాలు. వాయిస్‌లు కాపీ చేశాను, పదిహేడు ఉన్నాయి, అన్నీ "తిన్నావా" అనేవే.

34 అన్న అంకె చదివాక కాసేపు ఏమీ తోచలేదు. నాకిప్పుడు 34, మా వాడికి అయిదు.

అక్క చెప్పినట్టు నిన్న అమ్మా నేనూ పాత ట్రంకుపెట్టె దించాం. ఉయ్యూరు నుంచి వచ్చిన సామాను అది, అమ్మమ్మకి పురుళ్లన్నీ అక్కడే, పుట్టింట్లోనే. అడుగున పాత చీరపీలికలో చుట్టి వెండి ఉగ్గుగిన్నె ఉంది, నల్లబడిపోయి. పిండి రాస్తే మూడక్షరాలు తేలాయి. నేను ఆ పేరు వినడం, చూడడం అదే మొదలు. అమ్మ చేతిలోకి తీసుకుని చీర కొంగుతో తుడుస్తూ చాలాసేపు కూర్చుంది. ఇక ఏం అడగాలో నాకు తెలియలేదు, పుస్తకం మాట ఎత్తే ధైర్యం కూడా లేదు.

కాసేపటికి తనే అంది, "ఇది కొట్టినవాడు దీర్ఘం వదిలేశాడు. నువ్వు రాసేటప్పుడు సరిగ్గా రాయి."