ఓటు ఎవరికి వేయాలో ప్రైవేట్ వెబ్‌సైట్ చెప్పొచ్చా?

నీలిసిరా:
ఎన్నికలు దగ్గరపడ్డాయని ఒక ప్రైవేట్ సంస్థ నడిపే వెబ్‌సైట్‌లో ముప్పై ప్రశ్నలకు జవాబులిచ్చాను. పన్నులు, పెన్షన్లు, పర్యావరణం, ఇలాంటివి. చివర్లో అభ్యర్థుల పేర్లు వరసగా, పక్కన శాతాలతో వచ్చాయి. మొదటి పేరు నేనెప్పుడూ విననిది, 78 శాతం అంట. ఇన్నేళ్లుగా నేను ఓటేస్తున్న పార్టీ అభ్యర్థి ఆరో స్థానంలో ఉన్నాడు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఆ శాతాన్ని నమ్మి ఓటు మార్చుకోవచ్చా? ప్రశ్నలు ఎవరు రాశారో, నా జవాబులు ఎక్కడ దాస్తారో ఆ పేజీలో ఎంత వెతికినా కనపడలేదు.

గట్టుమీద:
నమ్మొద్దు. ఇది ప్రైవేట్ వాళ్లకు వదిలేసే పని కాదు. జర్మనీలో వాల్-ఓ-మాట్ అని ఇలాంటిదే ఉంది. 2002 నుంచి ప్రభుత్వ పౌర విద్యా సంస్థ దాన్ని నడుపుతోంది. యువ ఓటర్లు, నిపుణులు కలిసి కూర్చుని, ఒప్పుకుంటారా లేదా అని అడిగే వాక్యాలు తయారుచేస్తారు, పార్టీలే తమ జవాబులు, కారణాలు రాసిస్తాయి. ప్రైవేట్ సంస్థకు డబ్బు ఎవరిస్తున్నారో మనకెలా తెలుస్తుంది? డబ్బిచ్చినవాడికి నచ్చని ప్రశ్న అందులో ఉంటుందా?

తూకం:
గట్టుమీద గారూ, డబ్బు గురించి మీరు అడిగింది సరైన ప్రశ్నే. కానీ ప్రభుత్వానిదైతే చాలు అనడం దగ్గర నేను ఒప్పుకోను. మీరు చెప్పిన వాల్-ఓ-మాట్‌నే 2019 మేలో, యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలకు వారం కూడా లేనప్పుడు, కొలోన్‌లోని న్యాయస్థానం ఆపమంది. ఫలితాన్ని ఒకేసారి 8 పార్టీలతోనే పోల్చుకునే వీలుండేది. దానివల్ల చిన్న పార్టీలు కంటికి ఆనవని వోల్ట్ అనే పార్టీ కేసు వేసింది. తర్వాత రాజీ కుదిరి మళ్లీ తెరిచారు. నడిపేది ప్రభుత్వమే, ఆ నియమం పెట్టింది మంచి ఉద్దేశంతోనే కావచ్చు. అయినా తేడా జరిగింది.

అటు స్విట్జర్లాండ్‌లో ఇలాంటిదే అయిన స్మార్ట్‌వోట్‌ను 2003 నుంచి ప్రభుత్వేతర సంస్థే నడుపుతోంది. అక్కడ అది ఎందుకు అవసరమైందో చూడండి. 2023లో జాతీయ సభలోని 200 స్థానాలకు దాదాపు 5,900 మంది పోటీ చేశారు. చాలాచోట్ల ఓటరు ఒక పార్టీ జాబితాలోని పేరు కొట్టేసి ఇంకో పార్టీ మనిషిని రాసుకోవచ్చు. అంతమంది ఏమనుకుంటున్నారో ఏ ఓటరు చదవగలడు? అక్కడ ఇలాంటి సాధనం లేకపోతే బాగా తెలిసిన ముఖాలకే ఓటు పడుతుంది. నీలిసిరా గారికి తెలియని పేరు మొదట రావడాన్ని నేను తప్పుగా చూడను. ఆ సాధనం చేయాల్సిన పని అదే.

నన్ను నిజంగా కలవరపెట్టేది లెక్క. స్మార్ట్‌వోట్ పద్ధతిలో జవాబులకు అంకెలుంటాయి: పూర్తిగా అంగీకరిస్తే 100, కొంతవరకు అయితే 75, కొంత వ్యతిరేకమైతే 25, పూర్తి వ్యతిరేకమైతే 0. మీరు నాలుగు ప్రశ్నలకూ 100 అన్నారనుకుందాం. ఒక అభ్యర్థి నాలుగింటికీ 75 అన్నాడు. రెండో అభ్యర్థి మూడింటికి మీలాగే 100 అని, నాలుగోదానికి 25 అన్నాడు. తేడాలను మామూలుగా కూడితే మొదటివాడికి 100, రెండోవాడికి 75. అంటే రెండోవాడే మీకు దగ్గర. ఒక్కో తేడాను దానితోనే గుణించి, అంటే వర్గం చేసి, కూడితే మొదటివాడికి 2,500, రెండోవాడికి 5,625. ఇప్పుడు మొదటివాడు దగ్గరయ్యాడు! జవాబులు మారలేదు, అభ్యర్థులు మారలేదు. స్మార్ట్‌వోట్ వాడేది ఈ వర్గాల పద్ధతే. ఏ ప్రశ్నకూ గట్టిగా అవుననీ కాదనీ అనకుండా గోడ మీద పిల్లిలా ఉన్న అభ్యర్థికి ఇది కలిసొస్తుంది. అయితే వాళ్లు ఈ పద్ధతిని దాచకుండా బయటపెట్టారు, అందుకే మనం ఇక్కడ వాదించుకోగలుగుతున్నాం. నీలిసిరా గారు వాడిన వెబ్‌సైట్ అది చెప్పకపోతే, ఆ 78కి అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేరు.

తాళంచెవి:
లెక్క సంగతి సరే, జవాబుల సంగతి కూడా చూడాలి. ముప్పై రాజకీయ ప్రశ్నలకు మీ మనసులో మాట చెప్పారు. ఇంట్లోవాళ్లకు కూడా అంత వివరంగా చెప్పి ఉండరు. 2018లో బయటపడిన, రాజకీయ ప్రచారాలకు పనిచేసే కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థ వ్యవహారం మొదలైంది కూడా ఒక క్విజ్‌తోనే. దానికి జవాబులిచ్చినవాళ్లు సుమారు 3 లక్షల మందే, చేయిదాటిన ఫేస్‌బుక్ వివరాలు 8.7 కోట్ల మంది దాకా. యూరప్ డేటా రక్షణ చట్టం రాజకీయ అభిప్రాయాన్ని ఆరోగ్య వివరాలతో సమానంగా, ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా చూస్తుంది. మెయిల్ ఐడీ ఇస్తేగానీ ఫలితం చూపించని వెబ్‌సైట్‌ను నేనైతే అక్కడే మూసేస్తాను.

గట్టుమీద:
తూకం గారూ, 2019 కేసు నాకు తెలియదు. ప్రభుత్వమా ప్రైవేటా అన్నదొక్కటే చాలదని ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వ సంస్థను కోర్టుకు లాగే దారి ఉంది కదా! పేరూ ఊరూ లేని వెబ్‌సైట్‌ను ఎవరు లాగుతారు? పైగా అభ్యర్థి ఎన్నికల ముందు టిక్కు పెట్టినంత మాత్రాన గెలిచాక అదే చేస్తాడా?

తూకం:
కోర్టు విషయంలో మీ మాటే నిజం. టిక్కుల విషయానికొస్తే, స్విస్ పార్లమెంటు సభ్యులు ఎన్నికల ముందు ఇచ్చిన జవాబులనూ తర్వాత సభలో వేసిన ఓట్లనూ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధన ఉంది. సుమారు 85 శాతం కలిశాయి. జవాబులు అందరికీ కనపడేలా ఉన్నాయి కాబట్టి మాట తప్పితే పట్టుకోవచ్చు.

ప్రశ్న రాసే తీరు మీద కూడా ఒక మాట. "పన్నులు తగ్గించాలి" అంటే ఎక్కువమంది అవునంటారు. "పన్నులు తగ్గించి, ఆ మేరకు ఆసుపత్రుల ఖర్చులో కోత పెట్టాలి" అని అడిగితే అదే మనుషులు ఆగి ఆలోచిస్తారు. ఒకే అంశం మీద ఐదు ప్రశ్నలు పెడితే ఆ అంశానికి ఐదింతల బరువు. ఎవరికీ లంచం ఇవ్వక్కర్లేదు, ఇంతటితోనే ఫలితం ఒరిగిపోతుంది. నెదర్లాండ్స్‌లో 1989లో కాగితం మీద మొదలైన స్టెమ్‌వైజర్ అనే ఇలాంటి సాధనం ఉండగానే, 2006లో కీస్‌కొంపాస్ అనే ఇంకొకటి వేరే ప్రశ్నలతో, వేరే పద్ధతితో వచ్చింది. అక్కడి ఓటరు రెండూ చేసి చూసుకోవచ్చు. నాకు కావాల్సింది అదే, ఒకటికి నాలుగు ఉండాలి, అన్నీ తమ లెక్కను బయటపెట్టాలి.

నీలిసిరా గారూ, శాతాన్ని పక్కన పెట్టి ఒక్కో ప్రశ్నకు ఆ మొదటి స్థానంలో వచ్చిన అభ్యర్థి ఏమన్నాడో చూశారా?

నీలిసిరా:
ఇప్పుడే చూశాను. పన్నుల మీద, రోడ్ల మీద మా ఇద్దరిదీ ఒకటే మాట. మా అమ్మను నేనే చూసుకుంటున్నాను, అందుకే వృద్ధుల సంరక్షణ నాకు అన్నిటికంటే ముఖ్యం. దాని మీద ఉన్న రెండు ప్రశ్నలకూ ఆయన పూర్తి వ్యతిరేకం అన్నాడు. ముప్పైలో రెండే కాబట్టి 78 శాతంలో అవి కలిసిపోయాయి. ఆరో స్థానంలో ఉన్నాయన ఆ రెండింటికీ అవునన్నాడు. మూడో స్థానంలో ఉన్నావిడ కూడా. ఆవిడ పేరూ నేను వినలేదు. ఇవాళ రాత్రి ఆవిడ రాసినవి చదువుతాను. లెక్క ఎలా వేస్తారో, జవాబులు ఎన్నాళ్లు ఉంచుకుంటారో చెప్పమని ఆ వెబ్‌సైట్‌కు కూడా రాశాను.